బుడ్డోడి అడ్రస్

ముందే చెప్పేస్తున్నా, నా గది పోలేదు. పోయింది పరువు. అది కూడా ఊరంతా పోలేదు, పక్కింటి గోడ దాకానే పోయింది. కాకపోతే పక్కింటి పెద్దావిడ ఇప్పుడు నన్ను చూడగానే టీవీ రిమోట్ చీర కొంగులో దాచేసుకుంటోంది. ఎందుకో చెప్తా. టీ పెట్టుకుని రండి, ఇది రెండు గుక్కల్లో అయ్యే కథ కాదు.

నేను వానలు ఆగని ఈ పరాయి దేశంలో, టాలట్ అనే ఊళ్ళో, గ్రేస్ ఆంటీ వాళ్ళింట్లో మేడ మీద చిన్న గదిలో అద్దెకుంటున్నా. ఆంటీది తెనాలి. నర్సు. ఇరవై ఏళ్ళుగా వార్డుల్లోనే ఉన్నారు. అంకుల్ ఉద్యోగం కార్క్‌లో, శనాదివారాలే వస్తారు. మిగతా రోజుల్లో ఇంట్లో ఇద్దరమే. ఒకరికి నైట్ డ్యూటీ, ఒకరికి తిక్క.

ఆ తిక్క నేనే. చదివింది కామర్స్. మెయ్‌నూత్‌లో ఏదో కోర్సు చేశా, ఇప్పుడు ఫోన్లో కస్టమర్లకి సారీలు చెప్పే ఉద్యోగం చేస్తున్నా. కంప్యూటర్లు నాకెవరూ నేర్పలేదు. వీడియోలు చూసి, పాడుచేసి, ఏడ్చి, మళ్ళీ వీడియోలు చూసి నేర్చుకున్నా. నాకు వచ్చినవాటిలో సగం పాడుచేయడం వల్ల వచ్చినవే.

అసలు సంగతి నా గది గోడ. కిటికీ పక్క గోడకి చెమ్మ. నల్లగా మచ్చలు. పోయిన నెల ఇంటి ఓనర్ డెక్లన్ వచ్చి ఆ మచ్చలు చూశాడు, తర్వాత కిందకి దిగి మా వంటింటిని చూశాడు, పొయ్యి మీద పులుసుని చూశాడు. చూసి తీర్పిచ్చేశాడు.

"మీ వంటల ఆవిరి ఎక్కువ. పైగా ఇంట్లో ఒక మనిషి ఎక్కువ. లీజు రెన్యూ చేసేటప్పటికి ఆ గది ఖాళీ అయితే అంతా గ్రాండ్."

గ్రాండ్ అంటే ఇక్కడ సరే, బాగుంది అని. ఆ ఎక్కువైన మనిషి ఎవరో వేరే చెప్పాలా? ఇక్కడ గది దొరకడం అంటే ఏంటో ఉన్నవాళ్ళకి తెలుసు. గది చూసుకోడానికి వ్యూయింగ్‌కి వెళ్తే రేషన్ షాపు ముందు నిలబడ్డట్టు ఉంటుంది, ఆఖరికి సరుకు అయిపోయిందంటారు. బుద్ధుంటే ఆరోజే గదులు వెతకడం మొదలెట్టాలి. కానీ నోరు ఆగదుగా!

"ఆంటీ, మీరు టెన్షన్ పడకండి. మన వంట వల్ల కాదని లెక్కలతో చూపిస్తా. సైన్స్!"

"సైన్సో గీన్సో, నీ గది నిలబెట్టుకో తల్లీ" అన్నారు ఆంటీ, చేపల పులుసు కలుపుతూ.

అలా వచ్చాడు మా ఇంటికి బుడ్డోడు. బుడ్డోడంటే పిల్లాడు కాదండీ, కంప్యూటర్. పేకముక్కంత బోర్డు. తెర ఉండదు, కీబోర్డు ఉండదు, పెట్టె కూడా ఉండదు. కానీ నిజంగా కంప్యూటరే! దానికి వేడినీ చెమ్మనీ కొలిచే చిన్న సెన్సర్ తగిలించి, పది నిమిషాలకోసారి రాసిపెట్టుకోమని చెప్పి, కిటికీ గట్టు మీద ఆ పాడు గోడకి ఆనించి కూర్చోబెట్టా. మూడు వారాలు! తిండి అడగకుండా, నిద్ర అడగకుండా, పచ్చ లైటు ఆర్పుతూ వెలిగిస్తూ రాసుకుంటూనే ఉన్నాడు. వాణ్ణి చూస్తే నాకు ముచ్చటేసేది. నేను ఏ పనీ మూడు వారాలు వరసగా చేసిన పాపాన పోలేదు.

డెక్లన్ మంగళవారం నాలుగింటికి వస్తానన్నాడు. ఆరోజు సెలవు పెట్టా. పదకొండింటికి వంటింటి టేబుల్ దగ్గర లాప్‌టాప్ తెరిచా. ఆంటీ నైట్ డ్యూటీ నుంచి వచ్చి పడుకున్నారు. ఆంటీ పడుకుంటే మా ఇల్లు పరీక్ష హాలు. చెంచా కూడా చప్పుడు చేయకూడదు.

బుడ్డోణ్ణి పిలిచా. పలకలేదు.

ఇక్కడ ఒక్క ముక్క చెప్పాలి. ఇంట్లో వైఫైకి కలిసిన ప్రతి వస్తువుకీ రౌటర్ ఒక నంబరు ఇస్తుంది, హాస్టల్లో రూమ్ నంబర్లలాగా. తెర లేని బుడ్డోడితో మాట్లాడాలంటే లాప్‌టాప్‌లోంచి ఆ నంబరుకే వెళ్ళి తలుపు కొట్టాలి. మూడు వారాలుగా వాడిది ఒకటే నంబరు. ఈరోజు ఆ గదిలో ఎవరూ లేరు!

మేడ మీదకి పరిగెత్తా. గట్టు మీదే ఉన్నాడు. పచ్చ లైటు వెలుగుతోంది. అంటే బతికే ఉన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, పొద్దున హెయిర్ డ్రయ్యర్ పెట్టుకోడానికి వాడి ప్లగ్గు పీకా. మళ్ళీ పెట్టేశాననుకోండి. ఓహో, లేచి వేరే నంబరు తీసుకుని ఉంటాడు, అంతేగా! ఇంట్లో ఉన్న నంబర్లన్నీ చూపించే యాప్ ఉంది నా దగ్గర. కిందకొచ్చి దాన్ని నడిపా. ఏడు వచ్చాయి. ఒక్కొక్కదాని తలుపూ కొట్టా. ఒక్కటీ బుడ్డోడు కాదు.

మళ్ళీ పైకెళ్ళి ఆపి, పెట్టా. కిందకొచ్చి వెతికా. లేడు. మనిషి కళ్ళెదురుగా ఉన్నాడు, అడ్రస్ లేదు! పోనీ టీవీకి తగిలిద్దామంటే వాడి పోర్టు చీమ నోరంత ఉంది, దానికి సరిపోయే కేబుల్ నా దగ్గర లేదు.

పన్నెండున్నర.

అప్పుడు నా బుర్రకి ఒక మహత్తర ఆలోచన వచ్చింది. ఇంట్లో వస్తువులు ఒక్కొక్కటే ఆపుకుంటూ పోతే, ఆఖరికి మిగిలేవాడు బుడ్డోడే కదా! టీవీ ప్లగ్గు పీకా. ప్రింటర్ పీకా. అంకుల్ పాత టాబ్లెట్ ఆపా. పాటల స్పీకర్ పీకా. నా ఫోను ఆపా. మిగిలింది ఆంటీ ఫోను. అది ఆంటీ దిండు పక్కన ఉంది.

పిల్లిలా వెళ్ళా. చెయ్యి చాపా. ఆంటీ కళ్ళు మూసుకునే, "నాలుగో బెడ్‌కి సెలైన్ మార్చు" అన్నారు. "మారుస్తానాంటీ" అన్నా. ఫోను ఆపి బయటపడ్డా. చెమటలు!

లిస్టు చూస్తే లాప్‌టాప్ ఒక్కటే మిగిలింది. బుడ్డోడు లేడు.

రెండైంది. ఇక రౌటరే మిగిలింది. దాన్నీ ఓసారి ఆపి పెడదామని హాల్లోకెళ్ళి ప్లగ్గు పీకి, వైరు చేత్తో పట్టుకునే వంటింట్లోకి తొంగి చూశా.

లిస్టులో పదమూడు!

రౌటర్ ప్లగ్గు నా చేతిలో ఉంది. ఇంట్లో ప్రతిదీ పీకేసి ఉంది. లిస్టులో పదమూడు మంది. పైగా ఇంటర్నెట్ నడుస్తోంది! ఇందాక తెరిచిపెట్టుకుని, ప్లగ్గు పీకగానే ఆగిన వీడియో ఒకటి దానంతటదే మొదలై "హలో ఫ్రెండ్స్" అంది. నేను దాదాపు కేక పెట్టా. ఆంటీ నిద్ర గుర్తొచ్చి కేకని మింగేశా.

దగ్గరకెళ్ళి చూశా. అందులో "లివింగ్ రూమ్ టీవీ" అని ఉంది. మా టీవీయే, కానీ దాని ప్లగ్గు నేనే పీకా కదా! వెళ్ళి చూసొచ్చా. వైరు నేలమీద చచ్చిన పాములా పడుంది. లిస్టులో మాత్రం టీవీ బతికే ఉంది.

తెలివైనవాళ్ళు ఇక్కడ ఆగి ఆలోచిస్తారు. నేను ఏం చేశానంటే, ఈ టీవీ నిజమో అబద్ధమో తేల్చుకుందామని, ఫోను మళ్ళీ ఆన్ చేసి, నా గొంతు రికార్డు చేసి, దాన్ని లాప్‌టాప్‌లోంచి ఆ టీవీకి పంపా. పొద్దున్నుంచీ కడుపులో ఉన్న మంటంతా అందులో పెట్టా:

"ఒరేయ్! ఎక్కడ దాక్కున్నావురా? నువ్వక్కడే ఉన్నావని నాకు తెలుసు! నాలుగింటిలోగా బయటపడకపోతే నీ సంగతి చెప్తా!"

మా టీవీ నోరు మెదపలేదు.

గోడ మాట్లాడింది.

వంటింటి గోడలోంచి, నా గొంతే, పెళ్ళిపందిట్లో మైకంత గట్టిగా! "ఒరేయ్! ఎక్కడ దాక్కున్నావురా?" బెదిరింపు ఆఖరి దాకా పూర్తిగా వినిపించింది. తర్వాత గోడ వణుకుతూ జవాబిచ్చింది:

"ఒక్కటే తిన్నాను! ఒట్టు! ఒక్కటే!"

ఆ తర్వాత పళ్ళెం కిందపడ్డ చప్పుడు. "శ్రీకాంతూ! ఒరేయ్ శ్రీకాంతూ!" అని కేక.

మాదీ పక్కవాళ్ళదీ ఒకే గోడకి అటూ ఇటూ ఉన్న ఇళ్ళు. అటువైపు శ్రీకాంత్ గారు ఉంటారు, సాఫ్ట్‌వేర్. నెల క్రితమే దిగారు. వాళ్ళమ్మగారు కొన్నాళ్ళుండి పోదామని వచ్చారు. ఆవిడకి షుగరు, కొడుకు స్వీట్లన్నీ పై ప్రెస్సులో, అదే అలమరాలో, పెట్టి తలుపేస్తాడు. ఇది వీధందరికీ తెలుసు. ఆవిడ స్టూలెక్కగలదని మాత్రం ఎవరికీ తెలీదు.

రెండు నిమిషాల్లో మా తలుపు దడదడలాడింది. శ్రీకాంత్ గారు, మెళ్ళో హెడ్‌ఫోన్స్. వెనకాల అమ్మగారు, పెదవి మీద బొబ్బట్టు పొడి.

"స్రవంతి గారూ, మీకు కంప్యూటర్లు బాగా తెలుసు కదా! మా టీవీని ఎవరో హ్యాక్ చేశారండీ. అమ్మని తెలుగులో బెదిరించారట! గార్డ్స్‌కి, అదే పోలీసులకి, ఫోన్ చేద్దామంటారా?"

"ఆడగొంతు నాయనా. రాక్షసి గొంతు" అన్నారు అమ్మగారు.

రాక్షసి ఇంకా చేతిలోనే ఉన్న రౌటర్ ప్లగ్గుని వీపు వెనక దాచింది. నేను ఏం చెప్పాలా అని చూస్తుంటే మెట్ల మీద చెప్పుల చప్పుడు. గ్రేస్ ఆంటీ. నైటీ మీద కార్డిగన్, జుట్టు ఒక పక్కకి, కళ్ళు ఎర్రగా. మెట్ల మధ్యలో ఆగి, పీకిన వైర్లు చూశారు, నా చేతిలో రౌటర్ ప్లగ్గు చూశారు, అమ్మగారి పెదవి చూశారు.

"ముందు పెద్దావిణ్ణి కూర్చోబెట్టండి. నీళ్ళివ్వు స్రవంతీ. ఇప్పుడు చెప్పు, ఏమైంది? ఎప్పట్నుంచి?"

ఆ రెండో ప్రశ్న చూశారా! నేను మూడు గంటలు ఇల్లంతా పీకా, "ఎప్పట్నుంచి" అని నన్ను నేను ఒక్కసారీ అడుక్కోలేదు. మొత్తం కక్కేశా. గొంతు నాదేనన్నది కూడా. అమ్మగారు గ్లాసు పట్టుకున్న చెయ్యి అలాగే ఆపేసి నన్ను చూశారు. శ్రీకాంత్ గారు హెడ్‌ఫోన్స్ తీసేసి మరీ చూశారు.

ఆంటీకి నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. కరెంటు బిల్లు కవరు వెనక్కి తిప్పి, పెన్ను తీసుకున్నారు.

"మనింట్లో అన్నీ ఆపేశావు. ఆపేసినవి లిస్టులో ఉండకూడదు. అవునా?"

"అవునాంటీ."

"మరి ఈ పదమూడు మంది ఎవరు? పేర్లు చదువు."

చదివా. ఒక్కో పేరుకీ ఆంటీ వేలు ఇంట్లో ఆ వస్తువు వైపు తిరుగుతోంది. లేకపోతే కవరు మీద ఒక గీత. అన్నీ గీతలే పడుతున్నాయి. ఐదో పేరు దగ్గర చెయ్యెత్తి ఆపేశారు.

"ఏంటీ? వాషింగ్ మెషీనా?"

"ఊఁ."

"మన వాషింగ్ మెషీన్ తలుపు మోకాలితో తంతే గానీ పడదు. దానికి వైఫై ఎక్కణ్ణుంచి వచ్చిందే?" అని, నెమ్మదిగా పక్కకి తిరిగి, "బాబూ శ్రీకాంతూ, నువ్వు కొత్త మెషీన్ కొన్నావు కదూ?"

"అవునాంటీ."

"మీ ఇంటర్నెట్ ఎప్పుడొచ్చింది?"

"నిన్న సాయంత్రమేనండీ. ఇన్నాళ్ళూ మీదే వాడుకున్నాం కదా..."

అవును, మర్చిపోయా! వాళ్ళు దిగిన రోజునే ఆంటీ మా వైఫై పాస్‌వర్డ్ కాగితం మీద రాసి, కాకరకాయ వేపుడు డబ్బాతో పాటు పంపించారు. మనవాళ్ళింట్లో కొత్తగా దిగితే ఉప్పూ పప్పూ ఇచ్చినట్టు, వైఫై కూడా!

"నీ కొత్త రౌటర్‌కి పేరేం పెట్టావు నాయనా?"

శ్రీకాంత్ గారు తల గోక్కున్నారు. టేబుల్ వైపు చూశారు. నేల వైపు చూశారు.

"మీదే పెట్టానాంటీ. పేరూ అదే, పాస్‌వర్డూ అదే. ఇంట్లో డజను వస్తువులున్నాయి, అన్నిటికీ మళ్ళీ మళ్ళీ ఏం కొడతాంలే అని... అలా పెడితే అవే కలిసిపోతాయి కదా."

కలిసిపోయాయి! వాళ్ళ మెషీనూ, మా టీవీ పేరే పెట్టుకున్న వాళ్ళ టీవీయూ కలిసిపోయాయి. పొద్దున నేను ప్లగ్గు పీకి పెట్టాక, ఉమ్మడి గోడకి ఆనుకుని కూర్చున్న మా బుడ్డోడు కూడా, దగ్గర్లో ఏది గట్టిగా వినబడితే దానికి, అమాయకంగా వెళ్ళి కలిసిపోయాడు. నేను మా రౌటర్ పీకగానే నా లాప్‌టాప్ కూడా గోడ దూకేసింది. ఆ పదమూడు మంది దయ్యాలు కాదు, నా లాప్‌టాపూ బుడ్డోడూ పోగా అన్నీ పక్కింటి వస్తువులే!

"పక్క వార్డు లిస్టు చేత్తో పట్టుకుని, మన వార్డులో పేషెంట్లందర్నీ డిస్చార్జ్ చేసేశావే పిల్లా" అన్నారు ఆంటీ.

నిజం చెప్తున్నా, ఆ క్షణంలో ఆంటీ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. ఆవిడకి నెట్‌వర్కంటే ఏంటో తెలీదు. నాలుగు గంటలు కూడా నిద్ర లేదు. కానీ లెక్క తప్పితే కనిపెడతారు. ఎవరున్నారు, ఎవరుండకూడదు, ఎప్పట్నుంచి, అంతే. నేను చూసిన వంద వీడియోల్లో ఒక్కడు కూడా ఇంత శుభ్రంగా చెప్పలేదు.

లిస్టులో ఆఖరి నంబరు తలుపు కొట్టా. "ఎవరు?" అన్నాడు బుడ్డోడు, అంటే పాస్‌వర్డ్ అడిగాడని. ఏడుపొచ్చింది నాకు! మూడు వారాల లెక్కలూ ఉన్నాయి. ఒక్కటీ తప్పలేదు. మూడుంపావుకి అన్ని ప్లగ్గులూ మళ్ళీ పెట్టి, ఆ లెక్కల్ని గ్రాఫులా గీత గీయించి, ప్రింటు తీశా.

తీశాక చూస్తే నాకేం అర్థం కాలేదు. కొండలూ లోయలూ. దీన్ని చూపించి డెక్లన్‌కి ఏం చెప్పాలి? ఆంటీ ఆ కాగితం లాక్కుని, కళ్ళజోడు పెట్టుకుని, జ్వరం చార్టు చూసినట్టు చూశారు.

"వంట ఆవిరైతే సాయంత్రం ఎక్కి రాత్రికి దిగాలి. ఇది దిగట్లేదు, చూడు. ఈ నాలుగు రోజులే దిగింది. ఈ నాలుగు రోజులూ నేను బట్టలు బయట ఆరేశాను. అంటే వాన లేదు."

"ఆంటీ..."

"ఆగు. ఇందులో ఈ శనివారం ఏంటో తెలుసా? ప్రేయర్ మీటింగ్. ముప్పై మందికి బిర్యానీ వండాను. ఆవిరి అంటే అదీ ఆవిరి! ఆరోజు నీ గోడ ఎండింది." కాగితం కింద పెట్టారు. "ఇది వంట జబ్బు కాదు. బయట్నుంచి నీళ్ళు పడుతున్నాయి."

నేను కాగితం అందుకోబోయా. అప్పుడు ఆంటీ వేలు కాగితం మీద ఇంకో చోట ఆగింది. సూదుల్లా పైకి లేచిన మూడు గీతలు.

"ఇవేంటి?"

మా ఇంట్లో ఒక రూలుంది. వాన రోజుల్లో తడి బట్టలు వేణ్ణీళ్ళ ట్యాంకుండే హాట్ ప్రెస్‌లోనే ఆరేయాలి, గదుల్లో ఆరేయకూడదు. ఆ రూలు మీద ఆంటీ నా చేత మూడుసార్లు ఒట్టు వేయించుకున్నారు.

"జీన్సు, ఆంటీ" అన్నా చిన్న గొంతుతో. "హీటర్ మీద. మూడే మూడుసార్లు."

గోడకి అవతల పెద్దావిడ "ఒక్కటే తిన్నాను" అన్న గొంతు అచ్చం ఇలాగే ఉంది. కనిపెట్టే యంత్రాన్ని నా డబ్బుతో నేనే కొని, నా గదిలో నేనే పెట్టుకుని, దాని ముందే దొంగతనం చేశా!

నాలుగింటికి డెక్లన్ వచ్చాడు. బయట వాన దంచుతోంది. ఆంటీ కాగితం ఆయన ముందు పట్టుకుని, వాన రోజులూ ఎండ రోజులూ చూపించి, బిర్యానీ శనివారం చూపించి, పేషెంటు కొడుకుతో మాట్లాడినంత నెమ్మదిగా చెప్పారు. ఆయన తల ఊపుతూ విన్నాడు.

"మీ బొటనవేలు కొంచెం తీస్తారా? కింద ఏదో ఉన్నట్టుంది."

"కీళ్ళనొప్పి డెక్లన్. వానాకాలం కదలదు" అన్నారు ఆంటీ. వేలు మూడు సూదుల మీదా రాయిలా ఉంది. "రండి, గోడ బయట్నుంచి చూద్దాం."

బయటికెళ్ళి గొడుగు కింద తలెత్తి చూస్తే, సరిగ్గా నా కిటికీ పైన చూరు గొట్టం అతుకు ఊడి, నీళ్ళు గోడ మీదకి కుళాయి తిప్పినట్టు కారుతున్నాయి. డెక్లన్ గోడ మీద చెయ్యేసి, తడి తుడుచుకున్నాడు. "ఈ వారంలోనే మనిషిని పంపిస్తా" అన్నాడు. గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "ఆ అమ్మాయి ఉండొచ్చు. గ్రాండ్" అన్నాడు.

సాయంత్రం శ్రీకాంత్ గారు తన వైఫై పేరు మార్చేసుకుని, డజను వస్తువులకీ మళ్ళీ పాస్‌వర్డ్ కొట్టుకుంటూ కూర్చున్నారు. ఆయన కూర్చున్న టైములో పెద్దావిడ మా తలుపు దగ్గరకొచ్చి, రెండు బొబ్బట్లు కాగితంలో చుట్టి నా చేతిలో కుక్కారు.

"గోడలోంచి నువ్వేమన్నా విన్నావేమో తెలీదు. మావాడికి చెప్పకు."

"నేనేం వినలేదు పెద్దమ్మా. మరి నేను..."

"నువ్వూ ఏం అనలేదు."

గదిలోకి వెళ్ళేసరికి ఆంటీ డ్యూటీకి తయారై, బుడ్డోడి వైరుకి ఏదో అంటిస్తున్నారు. "మళ్ళీ తప్పిపోకుండా" అన్నారు, బ్యాగు తగిలించుకుని లూవాస్ ట్రామ్ పట్టుకోడానికి వెళ్ళిపోయారు. దగ్గరకెళ్ళి చూశా. ఆసుపత్రిలో పేషెంటు చేతికి కట్టే పట్టీలాంటిది, కాగితంతో చేసి టేపు వేశారు. ముత్యాల్లాంటి అక్షరాలు. పేరు: బుడ్డోడు. వార్డు: మన ఇల్లు, పక్కిల్లు కాదు. బెడ్: కిటికీ గట్టు. కింద వాడి నంబరు, ఒక్క అంకె తప్పు లేకుండా.

అన్నిటికన్నా కింద, ఎర్ర ఇంకుతో, అలర్జీలు అని రాసి, పక్కన నా పేరు.